మే నెలకు వేసుకున్న ఇంగ్లండ్ ప్రయాణం

మా ఆయన రోడ్ల ఇంజనీరు. మెల్‌బోర్న్‌కు పడమటివైపు ఒక కౌన్సిల్‌లో, అంటే ఇక్కడి మునిసిపాలిటీలో, ఇరవై ఆరేళ్లు పనిచేసి, కిందటేడాది జూన్‌లో రిటైరయ్యారు. ఆఫీసువాళ్లు కేకు కోయించి, ఒక గడియారం చేతికిచ్చి పంపించారు. మరుసటి సోమవారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు సింకులో పెట్టొచ్చి, డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ తెరిచి, "ఇక ఇంగ్లండ్ సంగతి చూద్దాం" అన్నారు.

ఆ ఇంగ్లండ్ మాట మా ఇంట్లో ముప్పై ఏళ్ల నాటిది. పెళ్లికి ముందు ఆయన ఒక ఏడాది ఇంగ్లండ్ ఉత్తరాన ఒక యూనివర్సిటీలో చదివారు. అప్పుడు కారు లేదు, స్నేహితులూ పెద్దగా లేరు. ఆదివారం పొద్దున్నే మొదటి బస్సెక్కి అది ఎక్కడిదాకా వెళ్తే అక్కడిదాకా వెళ్లి, అదే బస్సులో తిరిగొచ్చేవారట. సిమెంటూ సున్నమూ లేకుండా ఉత్త రాళ్లు పేర్చిన గోడలు కొండల మీదుగా మైళ్లకు మైళ్లు పోవడం, రెండు గోడల మధ్య ఒక్క బండి మాత్రమే పట్టే రోడ్డు, ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి జరిగి చెయ్యెత్తి పలకరించడం, ఇవన్నీ చీరాలలో మా పుట్టింటి డాబా మీద కూర్చుని పెళ్లయిన మూడో రోజున నాకు చెప్పారు. "నీకు చూపిస్తాను. బస్సులో కాదు, కారులో. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకుంటూ" అన్నారు.

తర్వాత ఆస్ట్రేలియా వచ్చాం, అమ్మాయి పుట్టింది, దొరికిన సెలవలన్నీ ఇండియాకే సరిపోయాయి. అక్కడ ఒక పెళ్లి, ఒక ఆపరేషను, ఒక కర్మకాండ. ఇంగ్లండ్‌ని ఎప్పటికప్పుడు పై ఏడాదికి జరుపుకుంటూ వచ్చాం.

నేను ఒక హైస్కూల్లో సైన్స్ ల్యాబ్‌లో పనిచేస్తాను. అన్నేళ్లుగా కూడిన లాంగ్ సర్వీస్ లీవ్‌లో రెండు వారాలు మే నెలకు పెట్టుకున్నాను. మేలో అక్కడ గొర్రెపిల్లలు పుట్టి ఉంటాయని, సాయంత్రం తొమ్మిదింటిదాకా వెలుతురు ఉంటుందని ఆయన చెప్పారు. ప్లాన్ మొదట నేనే వేశాను. చూసి నవ్వారు.

"పద్నాలుగు రోజుల్లో పదహారు ఊళ్లా? ఇది హాలిడే కాదు, కొరియర్ సర్వీసు."

"మ్యాప్‌లో చూశానండీ. ఊరికీ ఊరికీ మధ్య గంటన్నరే."

"మ్యాప్ చెప్పేది కారుకి పట్టే టైము. ట్రాక్టర్ వెనకాల ఇరుక్కుంటే అరగంట. గొర్రెలు అడ్డమొస్తే పావుగంట. నువ్వు ఫొటో తీస్తానంటే ఇంకో పావుగంట. గంటన్నర అంటే మూడు గంటలని రాసుకో."

అలా ఆ చలికాలమంతా వాస్తవానికి తగ్గట్టు ప్లాన్ తయారైంది. విమానం దిగినరోజు స్టీరింగ్ ముట్టుకోకూడదు. మాంచెస్టర్‌లో దిగి ఎయిర్‌పోర్ట్ పక్కనే పడుకోవాలి. ఒక్క రోజులో రెండు గంటలకు మించి డ్రైవింగ్ లేదు. పదహారు ఊళ్లు కాస్తా మూడు మకాములయ్యాయి, ఒక్కోచోట నాలుగేసి రోజులు. ప్రతి మకాములోనూ మూడోరోజు కారు తియ్యకుండా నడక. ఆటోమేటిక్ కారు, అదీ చిన్నది, ముందే బుక్ చేసుకోవాలి. కాటేజీలో పొయ్యి ఉండాలి, ఎందుకంటే నాలుగో రోజుకల్లా ఇద్దరికీ పప్పన్నం మీద మనసు పోతుంది. చిన్న రైస్ కుక్కర్ నా పెట్టెలో, గోంగూర పచ్చడి ఆయన పెట్టెలో. సిడ్నీలో బ్లాక్‌టౌన్ దగ్గర ఉంటున్న మా అమ్మాయికి ఫోన్లో చదివి వినిపిస్తే, "నాన్నా, హాలిడేకి ఎవరైనా టెండర్ డాక్యుమెంట్ రాస్తారా?" అంది. ఆయన మురిసిపోయారు.

సెప్టెంబర్‌లో ఒక ఆదివారం బాలరాట్‌లో తెలిసినవాళ్ల ఇంటికి భోజనానికి వెళ్తున్నాం. ఆయనే నడుపుతున్నారు. ఎండ బాగా కాస్తోంది, రోడ్డు ఖాళీగా ఉంది. మెల్టన్ దాటాక ఆయన చిరాకుగా, "ఈ లైన్ మార్కింగ్ ఎవడు చేశాడో చూడు. గీత పాములాగా పోతోంది. మా రోజుల్లో అయితే మళ్లీ వేయించేవాణ్ణి" అన్నారు.

నేను చూశాను. గీత తిన్నగానే ఉంది. మా ముందునుంచి కొండ ఎక్కేదాకా దారం లాగి వేసినట్టుంది.

"ఊఁ" అన్నాను.

ఆయన ఎన్నడూ రోడ్డు విషయంలో పొరబడే మనిషి కాదు. ఏదో తేడా ఉందని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే వెళ్లేవారేమో. వెళ్తే డ్రైవింగ్ మానమంటారేమో. అప్పుడు మే నెల సంగతేమిటి. ఇంత వివరంగా ఆలోచించానని చెప్పను గాని, ఆ "ఊఁ" లో ఇదంతా ఉంది. తర్వాతి వారాల్లో ఆయన పేపర్ చదవడం తగ్గించి వార్తలు వినడం మొదలుపెట్టారు. ప్లాన్‌లో అంకెలు నన్ను చదవమనేవారు. అద్దాలు పాతబడ్డాయనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను.

నవంబర్‌లో ఒక రోజు పొద్దున నన్ను స్కూల్లో దింపడానికి వస్తున్నారు. మా వీధి చివర ప్రైమరీ స్కూలు ముందు పిల్లల్ని రోడ్డు దాటించే పెద్దావిడ ఒకరుంటారు. నారింజ రంగు కోటు, చేతిలో ఎర్ర స్టాప్ బోర్డు. పదేళ్లుగా మాకు రోజూ చెయ్యి ఊపుతుంది. ఆ పూట ఆవిడ రోడ్డు నడిమధ్యలో బోర్డు ఎత్తి నిలబడి ఉంది. మా కారు వేగం తగ్గలేదు.

"ఏమండీ" అని నేను అరిచాను. ఆయన బ్రేకు తొక్కారు. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి, చేత్తో పిల్లల్ని వెనక్కి నెట్టింది. కారు ఆవిడకు బెత్తెడు దూరంలో ఆగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన ఇంజన్ ఆపి, దిగి, ఆవిడ దగ్గరికి నడిచి వెళ్లి చేతులు జోడించారు. ఇంగ్లీషులో ఏం చెప్పారో నాకు వినపడలేదు. ఆవిడ బోర్డు కిందికి దించి, మా ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆయన వెనక్కి వచ్చి నా వైపు తలుపు తీసి, "నువ్వు అటు కూర్చో" అన్నారు. తాళాలు నా చేతిలో పెట్టారు. ఆ రోజు తర్వాత ఆయన మళ్లీ కారు నడపలేదు.

కళ్ల డాక్టరు గళ్ల కాగితం ఒకటి ముందు పెట్టి, ఒక్కో కన్నూ మూసి చూడమన్నాడు. కంటి లోపలి పొర మధ్యలో సన్నటి రక్తనాళాలు కారుతున్నాయని, కుడికంట్లో అప్పటికే మచ్చ కట్టిందని, ఎడమకంట్లో ఇప్పుడిప్పుడే మొదలైందని చెప్పాడు. నడిమధ్య చూపు పోతుంది. పక్కచూపు మిగులుతుంది.

"తిన్నని గీతలు వంకరగా కనబడటం ఎప్పటినుంచి?" అని అడిగాడు.

"ఈమధ్యే" అన్నారు ఆయన.

నేను కుర్చీలో నా బ్యాగ్ పట్టుకుని కూర్చున్నాను. డాక్టరు స్క్రీన్ వైపు చూస్తూనే, మొదటి రెండు మూడు వారాల్లో వచ్చుంటే కుడికన్ను చాలావరకు నిలిచేదని అన్నాడు. తప్పుపట్టినట్టు కాదు, మామూలుగా. ఎడమకన్ను నిలబెట్టడానికి నెలనెలా కంట్లో ఇంజెక్షన్ వెయ్యాలన్నాడు. లైసెన్సు వాళ్లకు తనే ఉత్తరం రాస్తానన్నాడు.

ఇంటికొచ్చాక ఆయన రెండు రోజులు వరండాలోనే కూర్చున్నారు. మూడోరోజు సాయంత్రం నేను టీ ఇస్తుంటే, "ప్లాన్ మార్చాలి. డ్రైవర్ మారాడుగా" అన్నారు.

ప్రయాణం మానుకుందామని నేను అనలేకపోయాను. నాకు లైసెన్సు ఉంది గాని, మా పక్కనున్న వెర్రిబీ దాటి ఒంటరిగా కారు నడిపింది తక్కువ. ఫ్రీవే ఎక్కాలంటే అరచేతులు చెమటపట్టేవి. ఇన్నేళ్లూ ఆయన ఉన్నారు కాబట్టి ఆ అవసరం రాలేదు. ఇప్పుడు ఆయన చెబుతుంటే నేను ల్యాప్‌టాప్‌లో టైప్ చేశాను. మూడు మకాములు ఒక్కటయ్యాయి. పద్నాలుగు రోజులు తొమ్మిదయ్యాయి, ఇంజెక్షన్ వేసిన వారం, మళ్లీ దానికి ముందు పరీక్షల వారం ఇంట్లో ఉండాలి కనక. రోజుకి రెండు గంటలు కాస్తా నలభై నిమిషాలైంది.

"ఆ రోడ్ల మీద నీకు కావలసింది ముందుకి నడపడం కాదు, వెనక్కి నడపడం. రివర్స్ వస్తే ఇంగ్లండ్ వచ్చినట్టే" అన్నారు.

జనవరినుంచి శనివారాలు ప్రాక్టీసు. మొదట బాకస్ మార్ష్, తర్వాత డేల్స్‌ఫర్డ్ కొండరోడ్లు. ఆయన పక్క సీట్లో తల కొంచెం పక్కకి తిప్పి కూర్చునేవారు. అలా తిప్పితే రోడ్డు అంచు కనబడుతుందట. మొదట్లో ఓర్పుగా చెప్పేవారు. పోనుపోను ఓర్పు తగ్గింది. నేను బ్రేకు తొక్కకముందే ఆయన కాలు కింద మ్యాట్‌ని తొక్కేది. ఒకసారి బంకులో, నేను కారు పంపుకి దూరంగా ఆపానని కసిరి, మళ్లీ తనే "నాకేం కనబడిందని చెబుతున్నాను" అని అటు తిరిగారు. అట్లాంటి శనివారాలు చాలానే గడిచాయి. ముప్పై ఏళ్లలో మేము పడని గొడవలు ఆ రెండు నెలల్లో పడ్డాం. అవి నిజానికి దేనిగురించన్నది మా ఇద్దరిలో ఎవరం పైకి చెప్పలేదు.

మార్చి మొదట్లో ఆట్వే కొండల్లోకి వెళ్లాం. అడవిలో పాలబండ్లూ దుంగల లారీలూ తిరిగే సన్నటి రోడ్డు అది. ఇంగ్లండ్‌కి దగ్గరగా ఉండేది మన దగ్గర ఇదొక్కటేనని ఆయనే ఎంచారు. ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా పెద్ద పాలట్యాంకర్. అది వెనక్కి పోలేదు. మేమే పోవాలి. వందగజాల వెనకాల రోడ్డు వెడల్పైన చోటు ఒకటి దాటి వచ్చాం.

"కంగారు పడకు. నేను చూస్తాను" అని ఆయన అద్దం దించి, తల బయటపెట్టి వెనక్కి చూశారు. "రానీ. రానీ. స్ట్రెయిట్‌గా రానీ."

నా వైపు అద్దంలో నాకు కనబడుతోంది. వెనకాల రోడ్డు నా వైపుకి వంగుతోంది. తిన్నగా పోతే ఆయన వైపు చక్రం కాలవలోకి దిగుతుంది.

"రానీ, పర్లేదు, చాలా జాగా ఉంది" అంటున్నారు ఆయన. ఆ గొంతు నాకు బాగా తెలుసు. సైట్‌లో రోలర్ డ్రైవర్లకు చెప్పే గొంతు. చాలా నెలల తర్వాత విన్నాను.

నేను స్టీరింగ్ తిప్పలేదు. ఆయన చెప్పినట్టే తిన్నగా పోనిచ్చాను.

కారు ఒక్క కుదుపుతో ఎడమకి ఒరిగింది. ఫెర్న్ ఆకులు ఆయన కిటికీలోంచి లోపలికొచ్చాయి. ఆయన తల లోపలికి తీసుకుని, కళ్లజోడు సరిచేసుకుని, ముందుకి చూస్తూ కూర్చుండిపోయారు.

ట్యాంకర్ డ్రైవరు భారీ మనిషి, తెల్ల గడ్డం. దిగివచ్చి, కారు చుట్టూ తిరిగి చూసి, గొలుసు తెచ్చి కట్టాడు. పది నిమిషాల్లో మమ్మల్ని రోడ్డు మీదికి లాగాడు. గొలుసు చుట్టుకుంటూ నన్ను ఇంగ్లీషులో అడిగాడు, "వెనక ఎవరు చూసి చెప్పారమ్మా?" అని.

నేను నోరు తెరిచేలోగా మా ఆయన, "నేనే. నాకు కళ్లు కనబడవు" అన్నారు.

అతను "నో వర్రీస్, మేట్. ఈ కాలవలోకి నేనూ ఒకసారి దిగాను" అని, టోపీ ముట్టుకుని వెళ్లిపోయాడు.

కొండ దిగాక ఒక చిన్న ఊళ్లో బేకరీ ముందు ఆగాం. బయట చెక్కబల్ల మీద కూర్చుని ఇద్దరం టీ తీసుకున్నాం. ఆయన చొక్కా మీద ఫెర్న్ ఆకు ముక్క ఉంటే తీసేశాను.

"నీకు కనబడుతోందిగా" అన్నారు ఆయన.

"ఊఁ."

"మరెందుకు పోనిచ్చావు?"

ఆ "ఊఁ" బాలరాట్ దారిలో అన్న "ఊఁ" లాగే నాకు వినపడింది. ఇక దాచలేక చెప్పేశాను. "సెప్టెంబర్‌లో బాలరాట్ వెళ్తుంటే గీత వంకరగా ఉందన్నారు. అది తిన్నగానే ఉందండీ. నేను చూశాను. చెప్పలేదు. ఆ రోజే చెప్పుంటే మీ కుడికన్ను మిగిలేది."

ఆయన కప్పు తిప్పుతూ కూర్చున్నారు. పక్క బల్ల దగ్గర ఎవరో సైకిళ్ల మీద వచ్చినవాళ్లు నవ్వుకుంటున్నారు.

"ఆ మర్నాడు నువ్వు స్కూలుకెళ్లాక నేను బాత్రూమ్‌లో నిలబడి ఒక్కో కన్నూ మూసి టైల్స్ చూసుకున్నాను" అన్నారు. "కుడికంటితో చూస్తే గీతలన్నీ వంకరే. అప్పుడే తెలిసింది నాకు. మే నెల అయ్యాక డాక్టర్‌కి చూపించుకోవచ్చులే అనుకున్నాను. రెండు నెలలు అలాగే నడిపాను, నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని. ఆ పెద్దావిడ వెనక ఎంతమంది పిల్లలున్నారో నాకు తెలీదు. నువ్వైనా లెక్కపెట్టావా?"

"లేదు."

"నేను రోజూ మనసులో లెక్కపెడుతూనే ఉన్నాను" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఆయన నా వైపు తిరగలేదు. నన్ను చూడాలంటే తల పక్కకి తిప్పుకోవాలి. చెయ్యి మాత్రం బల్ల మీద జరిపి నా చెయ్యి వెతికి పట్టుకున్నారు. ఎవరు ఎవర్ని క్షమించాలో అక్కడ తేలలేదు. టీ చల్లారిపోయింది. లేవబోయేముందు, "క్యాన్సిల్ చెయ్" అన్నారు.

విషయం తెలిసి మా అమ్మాయి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టాను. "నాన్నా, ఐ కెన్ డ్రైవ్. నేను లీవ్ పెడతాను. ముగ్గురం వెళ్దాం. అమ్మ మీకు అన్నీ చెప్తూ ఉంటుంది."

"వద్దమ్మా."

"వై నాట్?"

"మీ అమ్మకి నేను చూపిస్తానన్నాను. ఇప్పుడు మీ అమ్మ నాకు చెప్పుకుంటూ రావాలి. అది వేరే ట్రిప్పు. దానికి నాకు ఇంకా మనసు రాలేదు."

అమ్మాయి "ఓకే, నాన్నా" అంది. తను ఏడుస్తున్నట్టు ఆయనకూ వినపడింది.

కాటేజీవాళ్లకు ఉత్తరం రాశాను, కారు రద్దుచేశాను, టికెట్లు వెనక్కిచ్చాను. సెలవు మాత్రం అలాగే ఉంచుకున్నాను. మేలో ఆ రెండు వారాలూ ఇంట్లోనే ఉన్నాం. చలి మొదలైంది. పొద్దునపూట ఆయన వరండాలో దుప్పటి కప్పుకుని రేడియో వినేవారు. నేను బీరువాలు సర్దాను. అన్ని గదుల్లో బల్బులు మార్చి ఎక్కువ వెలుతురువి పెట్టించాను. మెట్ల అంచులకు పసుపు టేపు అంటించాను. ఆ టేపు తిన్నగా రాలేదు. ఆయన చేత్తో తడిమి, పీకి, వేళ్లతో అంచు చూసుకుంటూ మళ్లీ అంటించారు. ఒక మధ్యాహ్నం మా వీధి చివరికి నడిచి వెళ్లి, స్కూలు వదిలేవేళ ఆ పెద్దావిడతో కాసేపు మాట్లాడి వచ్చారు. ఏం మాట్లాడారని అడిగితే, "ఆవిడకీ ఒక కన్ను సరిగ్గా లేదట" అన్నారు.

ఇంగ్లండ్ మాట ఇద్దరం ఎత్తలేదు. ఆ రోజులు ఎంత కష్టంగా గడుస్తాయో, వెళ్లకుండా ఉండిపోయిన ప్రయాణం కూడా రోజురోజుకీ ఎంత బరువుగా ఇంట్లో కూర్చుంటుందో నాకు ముందు తెలియదు. గొర్రెలు, గోడలు, బస్సు చివరి స్టాపు, ఆయన ముప్పై ఏళ్లుగా చెప్పినవన్నీ ఇక చెప్పడం మానేశారు. ఆ మాటలు లేని భోజనాలకు నేను ఇంకా అలవాటు పడలేదు.

ఇంజెక్షన్లకు మాత్రం నెలనెలా సిటీకి నేనే తీసుకెళ్తున్నాను. వెస్ట్‌గేట్ బ్రిడ్జి మీద నాలుగు లైన్ల మధ్య లారీలు అటూ ఇటూ పోతుంటే అరచేతులు ఇప్పటికీ చెమటపడతాయి, అయినా నడుపుతున్నాను. కిందటి నెల తిరిగొచ్చేటప్పుడు వాన. ఆస్పత్రివాళ్లు ఆయన ఎడమకంటికి ప్లాస్టిక్ మూత పెట్టారు. లైను మారమనో, వేగం తగ్గించమనో ఏదో ఒకటి చెబుతారని చూశాను. బ్రిడ్జి ఎక్కాక పక్కకి చూస్తే, సీట్లో తల వాల్చి నిద్రపోతున్నారు. నేను నడిపే కారులో ఆయన నిద్రపోవడం అదే మొదటిసారి. నన్ను నమ్మి పడుకున్నారో, చూడటానికి ఏమీ లేక కళ్లు మూసుకున్నారో, ఇంటికొచ్చాక అడుగుదామనుకున్నాను. అడగలేదు. గరాజ్ ముందు కారు నిలిపి, ఆయన లేచేదాకా ఇంజన్ ఆపకుండా కూర్చున్నాను.